టవర్ మీది డ్రమ్ములో బోస్ మాస్టారు

పోచారం అనగానే ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ముందుగా గుర్తొచ్చేది ఘట్‌కేసర్ దగ్గరి పోచారమే కావచ్చు. అక్కడ ఇన్ఫోసిస్ క్యాంపస్ ఉంది మరి. మనం ఇప్పుడు వెళ్లేది ఆ పోచారానికి కాదు. కామారెడ్డి జిల్లా నాగిరెడ్డిపేట మండలంలో, ఎల్లారెడ్డికి మెదక్‌కు మధ్యన ఉన్న పోచారానికి. నిజాం కాలంలో 1922 నాటికి పూర్తయిన ప్రాజెక్టు, దాన్ని ఆనుకుని అభయారణ్యం, జింకల పెంపక కేంద్రం. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లా మీద వాన విరుచుకుపడినప్పుడు, వందేళ్లు దాటిన ఈ కట్ట నిలుస్తుందా లేదా అని కింది ఊళ్లు ఊపిరి బిగబట్టి చూశాయి. అలాంటి రాత్రి ఊరి బయట ఉన్నవాళ్లకు కావాల్సింది ఒక్కటే, ఇంటికి ఫోన్ కలవడం.

ఆ ఫోన్ ఎలా కలుస్తుందో తెలుసుకోవాలంటే, ఎల్లారెడ్డి నుంచి వచ్చే దారిలో ఏదో ఒక సెల్ టవర్ దగ్గర బండి ఆపి ఒక్క నిమిషం తలెత్తి చూడండి. పైన నిలువుగా, పొడుగ్గా తలుపు రెక్కల్లా కొన్ని పలకలు కనిపిస్తాయి. అవి మీ ఫోన్‌తో మాట్లాడే యాంటెనాలు. మామూలుగా మూడు వైపులా ఉంటాయి, ఒక్కోటి 120 డిగ్రీల మేర చూసుకుంటుంది. వాటి కింద కొంచెం పక్కగా తెల్లటి గుండ్రటి డ్రమ్ములాంటిది ఉంటే, అది మీతో మాట్లాడదు. ఇంకో టవర్‌తో మాట్లాడుతుంది. మీ మాటనీ డేటానీ మూటగట్టి అవతలికి చేరవేస్తుంది. నేల కింద ఫైబర్ లేనిచోట, ఉన్నా వరదకు తెగిపోయిన చోట ఆ డ్రమ్మే దిక్కు.

ఆ డ్రమ్ములో పరుగెత్తే తరంగాల పొడవు సుమారు రెండు సెంటీమీటర్లు. ఇంచుమించు అదే పొడవున్న తరంగాలను 1895లోనే కలకత్తాలో పుట్టించి, గొట్టాల గుండా నడిపించి, గోడల అవతల పట్టుకున్న ఒక లెక్చరర్ ఉన్నారు. ఆయన పేరు మీకు తెలుసు. కాకపోతే స్కూలు పుస్తకంలో మొక్కలకు ప్రాణం ఉందని చూపించిన శాస్త్రవేత్తగా తెలుసు. జగదీశ్ చంద్ర బోస్.

మూడో వంతు జీతం

బోస్ పుట్టింది 1858 నవంబరు 30న, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని మైమెన్‌సింగ్‌లో. తండ్రి భగవాన్ చంద్ర బోస్ ప్రభుత్వంలో పెద్ద అధికారి. అప్పట్లో ఆ హోదా ఉన్నవాళ్లు పిల్లల్ని ఇంగ్లిష్ బడికి పంపడం గొప్పగా భావించేవాళ్లు. ఈయన మాత్రం కొడుకును ముందు బెంగాలీ బడిలోనే వేశారు. అక్కడ బోస్ పక్కన కూర్చుంది ఒక బంట్రోతు కొడుకు, ఒక జాలరి కొడుకు. చెరువులు, చేపలు, చెట్ల మీద ఆసక్తి వాళ్ల దగ్గరే అంటుకుందని బోస్ తర్వాత గుర్తుచేసుకునేవారు. తెలుగు మీడియంలో చదివామని ఇంటర్వ్యూలో నసిగేవాళ్లు ఈ సంగతి ఒకసారి మనసులో వేసుకోవచ్చు.

కలకత్తా సెయింట్ జేవియర్స్‌లో డిగ్రీ అయ్యాక డాక్టరు చదువు కోసం లండన్ వెళ్లారు. జ్వరాలు వదల్లేదు, శవాలను కోసే గదిలో వాసనకు అవి ఇంకా ముదిరాయి. మానేయాల్సి వచ్చింది. కోర్సు మార్చి కేంబ్రిడ్జ్‌లో సైన్స్ చదివారు. అక్కడ దొరికిన గురువుల్లో లార్డ్ రేలీ ఒకరు. అనుకున్న కోర్సు పోయి అనుకోని కోర్సులో పడటం మీకూ కొత్తేమీ కాకపోవచ్చు.

1885లో స్వదేశానికి తిరిగొచ్చారు. చేతిలో కేంబ్రిడ్జ్, లండన్ డిగ్రీలు, బ్రిటన్ పోస్ట్‌మాస్టర్ జనరల్ హెన్రీ ఫాసెట్ వైస్రాయికి రాసిన సిఫారసు లేఖ. ఇంత ఉన్నా కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ కొలువు ఇవ్వడానికి విద్యాశాఖ మొరాయించింది. భారతీయులకు సైన్స్ చెప్పే సత్తా లేదన్నది అక్కడి పెద్దల నమ్మకం. చివరికి ఇచ్చారు, కానీ మెలికతో. ఒకే పనికి తెల్ల ప్రొఫెసర్‌కు ఇచ్చేదాంట్లో మూడింట రెండొంతులే భారతీయుడికి. పైగా పోస్టు తాత్కాలికం కాబట్టి అందులోనూ సగం. లెక్కేస్తే మూడో వంతు.

బోస్ ఉద్యోగం వదల్లేదు, జీతం తీసుకోలేదు. నెలనెలా వచ్చే చెక్కును తిప్పి పంపుతూ రోజూ క్లాసుకు వెళ్లి పాఠం చెప్పారు. ఒక నెల కాదు, మూడేళ్లు. ఆ మధ్యలోనే 1887లో పెళ్లి అయింది. భార్య అబల మద్రాసు వచ్చి వైద్యం చదివి, ఆరోగ్యం బాగోక మధ్యలో ఆపేసిన అమ్మాయి. ఇంటి అద్దె తగ్గుతుందని కలకత్తా వదిలి చందర్‌నగర్‌లో కాపురం పెట్టారనీ, బోస్ హుగ్లీ నదిని పడవలో దాటి కాలేజీకి వెళ్లేవారనీ, పడవను వెనక్కి నడిపేది అబలేననీ ఆయన జీవితచరిత్ర రాసినవాళ్లు చెబుతారు. తండ్రి వ్యాపారాల్లో దెబ్బతిని అప్పుల్లో ఉన్న రోజులవి.

మూడేళ్లకు కాలేజీ దిగొచ్చింది. పోస్టు పర్మనెంట్ చేసి, చేరిన రోజు నుంచి పూర్తి జీతం లెక్కగట్టి ఒకేసారి ఇచ్చింది. ఆ డబ్బు తండ్రి అప్పులకే పోయింది.

ఇక్కడ ఒక మాట. ఇది చదివి మీరూ మూడేళ్లు జీతం వద్దనుకోమని నేను చెప్పను. ఆయన వెనక కుటుంబం పేరు ఉంది, వైస్రాయి దాకా వెళ్లగల పరిచయాలున్నాయి. మనలో చాలామందికి అవి ఉండవు. అయితే ఆయన పట్టుబట్టింది ఎక్కువ జీతం కోసం కాదు, అదే పనికి అదే జీతం కోసం. ఆ మూడేళ్లలో పాఠం నాణ్యత తగ్గిందని వేలెత్తి చూపే సందు కాలేజీకి దొరకలేదు. గెలిపించింది అదే.

చిన్న గది, చిన్న అలలు

కాలేజీలో పరిశోధన చేసుకోవడానికి ల్యాబ్ లేదు. స్నానాల గదిని ఆనుకున్న 24 చదరపు అడుగుల చోటు దొరికింది. అంటే ఆరడుగులు, నాలుగడుగులు. సాయానికి ఒక రేకుల పనివాడు, అతనికి సైన్స్ రాదు. ఖర్చు సొంత జేబులోంచి. వారానికి బోలెడు క్లాసులు అయ్యాక మిగిలిన టైమే పరిశోధనకు. 1894లో తన 36వ పుట్టినరోజున ఇక మిగతా జీవితం పరిశోధనకే అని నిర్ణయించుకున్నారు. అదే ఏడాది మొదట్లో జర్మనీలో హెర్ట్జ్ చనిపోయారు, ఆయన వయసూ 36 ఏళ్లే. కంటికి కనిపించని విద్యుదయస్కాంత తరంగాలు నిజంగా ఉన్నాయని 1880ల చివర్లో ప్రయోగం చేసి చూపించింది హెర్ట్జ్. మన ఫోన్లలో మెగాహెర్ట్జ్, గిగాహెర్ట్జ్ అంటున్నది ఆయన పేరే.

హెర్ట్జ్ వాడిన తరంగాలు పెద్దవి. పొడవు పదుల సెంటీమీటర్ల నుంచి మీటర్ల దాకా. అవి కూడా కాంతిలాగే వంగుతాయా, అద్దం మీద పడి వెనక్కి వస్తాయా అని చూడాలంటే అద్దం, పట్టకం అన్నీ అంతకంటే పెద్దవి కావాలి. నాలుగడుగుల గదిలో అది అయ్యే పని కాదు. బోస్ తరంగాన్నే చిన్నది చేశారు. 25 మిల్లీమీటర్ల నుంచి 5 మిల్లీమీటర్ల దాకా. ఇవాళ్టి లెక్కలో 12 నుంచి 60 గిగాహెర్ట్జ్. అల చిన్నదైతే పరికరమూ చిన్నదవుతుంది. ఆయన మొత్తం సరంజామా ఒక పెట్టెలో సర్దుకుని ఓడెక్కి లండన్ తీసుకెళ్లేంత చిన్నది.

ఈ ఒక్క వాక్యం గట్టిగా పట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం. అల చిన్నదైతే యాంటెనా చిన్నది.

ఆయన ఏం తయారు చేశారో చూస్తే ఇవాళ్టి మైక్రోవేవ్ ల్యాబ్ స్టాక్ రిజిస్టర్ చదువుతున్నట్టే ఉంటుంది. తరంగాన్ని దారి తప్పకుండా నడిపే లోహపు గొట్టం, దాన్నే ఇప్పుడు వేవ్‌గైడ్ అంటున్నాం. గొట్టం చివర గరాటులా విచ్చుకున్న మూతి, అది హార్న్ యాంటెనా. టవర్ మీది డ్రమ్ము మూత విప్పితే లోపల గిన్నెలాంటి డిష్, దాని మధ్యలో తరంగాన్ని చిమ్మే చిన్న గొట్టం కనిపిస్తాయి. ఆ గొట్టానికి తాతముత్తాతలు బోస్ గదిలోని ఆ గొట్టాలే.

ఇంకో పరికరం నాకు భలే నచ్చుతుంది. తరంగం నిలువుగా ఊగుతోందా అడ్డంగా ఊగుతోందా అన్నది వేరుచేయడానికి బోస్ ఒక పుస్తకం తీసుకుని పేజీల మధ్య తగరపు రేకు పెట్టారు. ఒక తీరుగా ఊగేది పేజీల మధ్యలోంచి దూరిపోతుంది, ఇంకో తీరుగా ఊగేది ఆగిపోతుంది. మెలితిప్పిన జనపనార కట్టలతో ఆ ఊగే దిక్కునే తిప్పి చూపించారు. దీన్నే పోలరైజేషన్ అంటారు. టవర్ మీది పలక యాంటెనా లోపల చిన్న చిన్న ఇంటూ గుర్తుల్లాంటి లోహపు ముక్కలు వరుసగా ఉంటాయి. ఒక గీత ఒకవైపు వాలుగా, రెండోది రెండోవైపు వాలుగా. ఒకే చోట, ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు వేర్వేరు దారులు దొరికేది ఆ వాలు వల్లే. ఆర్‌ఎఫ్ ఇంటర్వ్యూలో పోలరైజేషన్ ఎందుకని అడిగితే, పుస్తకం పేజీలు గుర్తొస్తే చాలు.

టౌన్‌హాల్లో గంట మోగింది

1895లో కలకత్తా టౌన్‌హాల్లో జనం ముందు ప్రయోగం చేశారు. తరంగాలు 75 అడుగుల దూరం పోయి, మధ్యలో గోడలు దాటి, ఎదురుగా కూర్చున్న లెఫ్టినెంట్ గవర్నర్ శరీరం గుండా కూడా వెళ్లి అవతలి గదిలో గంట మోగించాయి, తుపాకి మందును పేల్చాయి. మధ్యలో ఒక్క తీగ లేదు. మార్కోనీ అప్పటికి ఇటలీలో తండ్రి తోటలో ప్రయోగాలు చేస్తున్న ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు.

1897 జనవరి 29న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో బోస్ ప్రసంగం. ఆ వేదిక మీద పిలుపు రావడమే పెద్ద గౌరవం. 1901లో మళ్లీ వెళ్లినప్పుడు ఒక కంపెనీ యజమాని పేటెంట్ కాగితాలు పట్టుకుని ప్రసంగానికి ముందే వచ్చి వాలాడు, లాభంలో సగం అన్నాడు. బోస్ వద్దన్నారు. జ్ఞానాన్ని అమ్ముకోవడం ఆయనకు నచ్చదు. స్నేహితులు ఊరుకోలేదు. సారా బుల్, సిస్టర్ నివేదిత పట్టుబట్టి అమెరికాలో దరఖాస్తు చేయించారు. గెలీనా స్ఫటికంతో తరంగాలను పసిగట్టే పరికరానికి 1904లో పేటెంట్ వచ్చింది, నంబరు 755840. సెమీకండక్టర్‌తో రేడియో తరంగాన్ని పట్టే పరికరాలకు వచ్చిన తొలి పేటెంట్లలో అదొకటి. ఆయన దాని మీద ఒక్క పైసా సంపాదించలేదు.

ఈ నిర్ణయం మంచిదేనా? నా మటుకు నాకు పూర్తిగా మింగుడు పడదు. పేటెంట్ తీసుకుని ఆ డబ్బుతో మరో ల్యాబ్ పెట్టి ఉండొచ్చు కదా అనిపిస్తుంది. ఇరవై నాలుగు చదరపు అడుగుల్లో నలిగిన మనిషికి ఆ అవసరం మనకంటే బాగా తెలుసు. అయినా వద్దన్నారు.

వాట్సాప్‌లో మీకు ఏటా ఒక ఫార్వర్డ్ వస్తుంది, మార్కోనీ బోస్‌ను దోచుకున్నాడని. జాగ్రత్త. 1901 డిసెంబరులో అట్లాంటిక్ దాటి వచ్చిన సిగ్నల్‌ను మార్కోనీ పట్టిన పాదరసపు డిటెక్టర్ మూలం, 1899లో బోస్ రాయల్ సొసైటీ ముందుంచిన పరికరమేనని 1998లో ఐఈఈఈ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనా వ్యాసం వాదించింది. ఆ వాదనకు బలం ఉంది. అలాగని రేడియో మొత్తం బోసే కనిపెట్టారంటే అది వేరే సంగతి. ఆయనకు సందేశాలు పంపే వ్యాపారం మీద ధ్యాస లేదు. మార్కోనీకి ఉన్నదల్లా అదే. సముద్రం దాటాలంటే పొడుగాటి అలలు కావాలి, మార్కోనీ వాటినే పట్టుకున్నారు. ప్రపంచం ఆయన వెంట పోయింది. బోస్ 1900 ప్రాంతంలోనే లోహాలు, మొక్కల స్పందన వైపు తిరిగిపోయారు. మిల్లీమీటర్ తరంగాలు అటకెక్కాయి. వేవ్‌గైడ్‌ను 1930ల్లో అమెరికాలో దాదాపు మళ్లీ మొదటి నుంచి కనిపెట్టుకోవాల్సి వచ్చింది.

పొడుగు అల, పొట్టి అల

ఇప్పుడు మళ్లీ పోచారం కట్ట మీదికి వద్దాం. మీ ఫోన్ ముందు గాల్లోకి తరంగం వదులుతుంది. టవర్ మీది పలక దాన్ని అందుకుంటుంది. పలక దగ్గరే ఉండే రేడియో పెట్టె దాన్ని అంకెలుగా మార్చి, బేస్‌బ్యాండ్ యూనిట్‌కు పంపుతుంది. ఎవరికి ఎన్ని మిల్లీసెకన్లు, ఎంత స్పెక్ట్రమ్ ఇవ్వాలన్న పంపకం అంతా ఇక్కడే. టవర్, పలకలు, రేడియో, బేస్‌బ్యాండ్ కలిస్తే బేస్ స్టేషన్. ఇలాంటివి వేలకొద్దీ కలిస్తే రేడియో యాక్సెస్ నెట్‌వర్క్, ఇంటర్వ్యూ భాషలో ర్యాన్. అక్కడి నుంచి ఫైబర్ మీదో, మన డ్రమ్ము మీదో కోర్ నెట్‌వర్క్‌కు. మీరెవరు, బ్యాలెన్స్ ఉందా, అవతలి మనిషి ఏ టవర్ కింద ఉన్నాడు అన్నది చూసుకునేది కోర్. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి బస్సులో మాట్లాడుతూ పోతే ఫోన్ చుట్టుపక్కల టవర్ల బలం కొలుస్తూ రిపోర్ట్ పంపుతూనే ఉంటుంది, నెట్‌వర్క్ మిమ్మల్ని ఒకదాని నుంచి ఇంకోదానికి అప్పగిస్తుంది. ఇదే హ్యాండోవర్.

గీతలు ఫుల్‌గా ఉన్నా ఒక్కోసారి మీ మాట అవతల వినపడదు, గమనించారా? కారణాల్లో ఒకటి ఇది. టవర్ రేడియో పదుల వాట్లతో అరుస్తుంది. మీ ఫోన్ దగ్గర ఉన్నది 4జీలో మామూలుగా 0.2 వాట్లు. టవర్ అరుపు మీకు అందుతుంది, మీ గుసగుస టవర్‌కు అందదు. అడవి అంచున, లోయలో ఇది ఎక్కువ.

ఇక అల పొడవు. 700 మెగాహెర్ట్జ్ తరంగం సుమారు 43 సెంటీమీటర్లు. చెట్లను, గోడలను కొంత తట్టుకుని దూరం పోతుంది. పోచారం అడవి లాంటి చోటికి అదే సరైంది. కానీ అందులో చోటు తక్కువ, డేటా వేగం అంతంత మాత్రం. 5జీకి ఎక్కువగా వాడే 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర అల ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. 2022 స్పెక్ట్రమ్ వేలంలో అమ్మిన 26 గిగాహెర్ట్జ్ దగ్గరికి వస్తే సుమారు 11.5 మిల్లీమీటర్లు. ఇది బోస్ ఆడుకున్న అల. చోటు బోలెడు, వేగం బోలెడు, కానీ ఆకు అడ్డొస్తే నీరసపడుతుంది, చెయ్యి అడ్డొస్తే తగ్గిపోతుంది, గోడ అడ్డొస్తే పోయినట్టే. 60 గిగాహెర్ట్జ్ దగ్గర గాల్లోని ఆక్సిజనే దాన్ని మింగేస్తుంది. అందుకే ఇవి స్టేడియాలు, రైల్వే స్టేషన్లు లాంటి కిక్కిరిసిన చోట్లకు పనికొస్తాయి, అడవికి కాదు.

అయినా ఇంజినీర్లు వాటి వెంట ఎందుకు పడ్డారంటే, ఇందాకటి వాక్యమే. అల చిన్నదైతే యాంటెనా చిన్నది. అరచేతిలో పట్టే పలక మీద పదుల కొద్దీ, కాస్త పెద్ద పలక మీద వందల కొద్దీ యాంటెనాలు పేర్చవచ్చు. అన్నీ కలిసి ఒకే దిక్కున సన్నటి టార్చిలైటులా తరంగాన్ని మీ ఫోన్ మీదికే వేస్తాయి. అదే బీమ్‌ఫార్మింగ్. చోటు లేక ఆయన చిన్న అలను ఎంచుకున్నారు, చోటు లేకే నెట్‌వర్క్ కూడా దాని దగ్గరికి తిరిగొచ్చింది.

ఈ దారిలో కొలువులు

హైదరాబాద్‌లో కూర్చుని ఈ పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. క్వాల్‌కామ్ లాంటి చిప్ కంపెనీలు ఇక్కడ ఉన్నాయి. దేశీయ 5జీ టెస్ట్‌బెడ్ 2022 మే 17న మొదలైంది, దాన్ని కట్టిన సంస్థల్లో ఐఐటీ హైదరాబాద్ ఒకటి. బీఎస్ఎన్ఎల్ దేశీయ 4జీలో కోర్ సీ-డాట్‌ది, ర్యాన్ తేజస్ నెట్‌వర్క్స్‌ది, కలిపింది టీసీఎస్. ఈసీఈ వాళ్లకు గేట్‌తో పాటు సిగ్నల్స్, యాంటెనాలు, కొంచెం సీ, పైథాన్ ఉంటే ర్యాన్ సాఫ్ట్‌వేర్, టెస్టింగ్ వైపు తలుపులు తెరుచుకుంటాయి. డిప్లొమా, ఐటీఐ వాళ్లకు సైట్ ఇంజినీర్, టవర్ టెక్నీషియన్ పనులు, వీటికి టెలికాం సెక్టార్ స్కిల్ కౌన్సిల్ కోర్సులున్నాయి. కారులో ఫోన్లు, ల్యాప్‌టాప్ పెట్టుకుని ఊరూరా సిగ్నల్ కొలిచే డ్రైవ్ టెస్ట్ పని చాలామందికి మొదటి మెట్టు.

ఒక్కటి ముందే తెలుసుకోండి. ఈ ఫీల్డ్ పనులు ఎక్కువగా పెద్ద కంపెనీ పేరు మీద కాకుండా కాంట్రాక్టరు పేరోల్ మీద దొరుకుతాయి. అదే టవర్, అదే పని, పక్కవాడి జీతం వేరు. చేరేముందు ఆఫర్ లెటర్‌లో కంపెనీ పేరు, పీఎఫ్, టవర్ ఎక్కే పనైతే సేఫ్టీ బెల్టు, బీమా ఎవరిస్తారన్నది చదివి సంతకం పెట్టండి. అడగడానికి మొహమాటపడొద్దు.

బోస్ 1915లో కాలేజీ నుంచి రిటైర్ అయ్యారు. రెండేళ్లకు, 1917లో తన పుట్టినరోజున సొంత డబ్బు, విరాళాలు కలిపి కలకత్తాలో బోస్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. అదే ఏడాది సర్ బిరుదు, 1920లో రాయల్ సొసైటీ సభ్యత్వం. 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూశారు. అదే ఏడాది జులైలో మార్కోనీ పోయారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఆయన చేసిన మిల్లీమీటర్ తరంగాల ప్రయోగాలను ఐఈఈఈ 2012లో మైలురాయిగా గుర్తించింది. కోల్‌కతా వెళ్తే ఆచార్య ప్రఫుల్ల చంద్ర రోడ్డులోని బోస్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఆ గొట్టాలు, గరాటులు, జనపనార కట్టలు అద్దాల వెనక ఉంటాయి, చూసి రండి.